నోర్వల్ మోరిసో: తాతలు దాచిన కథలకు బొమ్మ కట్టడం తప్పా?

టొరంటోవాసి:
కెనడాలోని ఓజిబ్వే ఆదివాసీ తెగ చిత్రకారుడు మోరిసో తన తాత దగ్గర విన్న పవిత్ర కథల్ని రంగుల్లో పెట్టారు. బయటివాళ్లకు చూపకూడదని పెద్దలు కోప్పడ్డారు. అయినా గీశారు. 1962లో టొరంటో పొలాక్ గ్యాలరీలో పెట్టిన బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. ఆయన చేసింది తప్పు కాదంటాను. పిల్లల్ని చర్చి బడుల్లో పడేసి సొంత భాష మాన్పించిన కాలమది. గీయకపోతే ఏం మిగిలేది?

నకాశీమనవడు:
తప్పే. మా తాత నకాశీ చిత్రకారుడు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం బట్ట మీద చుట్ట పటం లెక్క రాసెటోడు. ఒక దుకాణమాయన ఫొటో తీస్కపోయి సంచుల మీద అచ్చేసిండు. మాకు పైస రాలే. బయట పెడితే గంతే. మోరిసో పేరు మీద దొంగబొమ్మలు గీసి అమ్మినోళ్లను 2023ల అరెస్టు చేసిన్రు, వెయ్యికి పైగా బొమ్మలు దొరికినయి.

లిపిప్రియ:
ఆయన తన తెగ పేరు 'రాగి ఉరుముపక్షి' అని బొమ్మల మీద సంతకం పెట్టిన క్రీ లిపి 1840ల్లో మిషనరీ జేమ్స్ ఎవాన్స్ అచ్చువేసింది. దాన్ని తాతల సొత్తు అనకండి.

టొరంటోవాసి:
లిపి తాతలదని నేననలేదు. అది భార్య హారియట్ నేర్పింది. కథల సంగతి మాట్లాడదాం.

బాటసారి:
తాగుడు కోసం కూడా బొమ్మలిచ్చేశాడు కదా.

టొరంటోవాసి:
ఇచ్చారు. చర్చి బడిలో ఆయన ఆరేళ్లప్పటి నుంచి పడిన హింస కూడా చెప్పండి మరి. 1967 మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పోలో, భూమాత దగ్గర ఎలుగుపిల్లలు పాలు తాగుతున్నట్టు గీస్తే అధికారులు మార్చమన్నారు. పని వదిలి వెళ్లిపోయారు. కథను అమ్ముకునేవాడు అలా వెళ్తాడా?

లిపిప్రియ:
లిపి గురించి నా మాటకు జవాబు రాలేదు.

నకాశీమనవడు:
అన్నా, నువ్వు గోడ మీది బొమ్మ చూసి మెచ్చుకుంటున్నవు. మా పటం కులపోళ్ల ముంగట విప్పాలె, కూనపులోళ్లు కథ చెప్పాలె. గోడకు కొడితే అది పటం కాదు.

టొరంటోవాసి:
విప్పేవాళ్లు, వినేవాళ్లు లేనప్పుడో? పెట్టెలోనే చెదలు పట్టాలా? మీరు రాస్తారా పటం?

నకాశీమనవడు:
రాయరాదు నాకు. అడిగితే తాత నేర్పలే. గిది కూడు పెట్టదు, సదువుకో పో అన్నడు. మోరిసోను తాతనే కూసోబెట్టుకొని కథలు చెప్పిండు. నా కోపం గదే.

టొరంటోవాసి:
ఆ మాట తెలియక గట్టిగా అడిగాను, ఏమనుకోకండి. తాతగారి పటం ఒక్కటైనా ఉందా ఇంట్లో?

నకాశీమనవడు:
ఒకటున్నది. రేకుపెట్టెల. తాత పోయినంక విప్పలే.