అతిథులకు కరకరలాడే రొయ్యలు: ముందే వేయించి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: ఉప్పూకారం

శనివారం రాత్రి మా ఇంటికి 8 మంది భోజనానికి వస్తున్నారు, వాళ్లలో ఇద్దరు పిల్లలు. భోజనానికి ముందు కరకరలాడే రొయ్యలు, వాటిని ముంచుకుని తినడానికి ఘాటైన సాస్ పెడదామనుకుంటున్నాను.

నూనెలోంచి తీసినప్పుడు రొయ్యలు బాగానే ఉంటున్నాయి. పళ్లెంలో సర్ది, అందరినీ పిలిచి కూర్చోబెట్టేసరికి పైపొర మెత్తబడి ఊడి వచ్చేస్తోంది. మైదా, కార్న్‌ఫ్లోర్ సమానంగా తీసుకుని, గుడ్డు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు వేసి జారుగా కలిపిన పిండిలో ముంచి వేయిస్తున్నాను. తీశాక పేపర్ మీద వేసి, చల్లారకుండా మూత పెడుతున్నాను.

వచ్చినవాళ్లతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలని ఉంది. కొంత పని ముందే చేసి పెట్టుకునే వీలుందా? ఎన్ని రొయ్యలు తెచ్చుకోవాలి? సాస్ కూడా ఇంట్లోనే చేయాలని ఉంది. ఘాటు తెలియాలి, కానీ రొయ్య రుచిని మింగేయకూడదు.

జవాబు: వేపుళ్ల పొయ్యి

నేను కేటరింగ్ వంటశాలలో వేపుళ్లు చూసుకుంటాను. మీరు రాసినదాంట్లో ముందు మార్చాల్సింది ఆ మూత. వేడి రొయ్యలోంచి కాసేపటిదాకా ఆవిరి వస్తూనే ఉంటుంది. మూత పెడితే అది నీరై మళ్లీ పైపొర మీదే పడుతుంది. పేపర్ మీద కుప్పగా పోసినా అడుగున ఉన్నవాటికి అదే గతి. కేకు చల్లార్చే జాలీ ఉంటే దాని మీద, లేకపోతే పెద్ద జల్లెడలో, ఒకదానికొకటి తగలకుండా పరవండి. కింద నుంచీ పై నుంచీ గాలి ఆడాలి. వేడి నిలవాలంటే జాలీని అలాగే 100 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి, పావుగంట ఆగుతాయి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే లోపల గట్టిపడతాయి.

ఇక రొయ్యల సంగతి. ప్యాకెట్ల మీద 21/25 అని ఉంటుంది చూడండి, పౌనుకు (సుమారు 450 గ్రాములకు) అన్ని రొయ్యలు తూగుతాయని దాని అర్థం. ఒలిచినవైతే కిలోకు 50 దాకా వస్తాయి. మనిషికి ఆరు చొప్పున మీకు ఒక కిలో సరిపోతుంది. తల, పెంకు ఉన్నవి కొంటే ఒలిచాక బరువు దాదాపు సగానికి పడిపోతుంది, ఆ లెక్కన రెండు కిలోలు తెచ్చుకోండి. ఫ్రీజర్‌వి అయితే ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలో, జల్లెడలో పోసి కింద గిన్నె పెట్టి ఉంచండి. దిగిన నీళ్లు గిన్నెలోకి పోతాయి.

తోక ఉంచి ఒలిస్తే పట్టుకుని ముంచుకోవడానికి బాగుంటుంది. అయితే తోక రెక్కల్లో నీళ్లు దాగి ఉంటాయి, నూనె చిట్లేది ఎక్కువగా వాటివల్లే. రెక్కల చివర కొద్దిగా అడ్డంగా కోసి, కత్తి వీపుతో కోసిన వైపుకు గీకండి. బూడిదరంగు నీళ్లు ఒకటి రెండు చుక్కలు బయటికొస్తాయి. తర్వాత రొయ్యను వెల్లకిలా పెట్టి, పొట్ట వైపు మూడు నాలుగు చోట్ల పైపైన గాట్లు పెట్టి, తిప్పి వేళ్లతో మెల్లగా నొక్కండి. లోపల నరం తెగినట్టు చిన్న చప్పుడు వేళ్లకు తెలుస్తుంది. ఆ రొయ్య నూనెలో ముడుచుకోదు, సాస్‌లో సగం దాకా మునుగుతుంది.

అర కిలోకు అర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ వంటసోడా పట్టించి 15 నిమిషాలు ఉంచండి. సోడా అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది. తర్వాత పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి బాగా అద్దండి. వీలైతే మూత లేకుండా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. రొయ్య పట్టుకుంటే తడిగా కాకుండా కాస్త జిగటగా తగలాలి. పైపొర ఊడిపోవడానికి అసలు కారణం పిండి కింద మిగిలిన తడే.

మైదా మానేయండి. అర కిలోకు ఒక గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పట్టించి, మిగిలింది కారనిచ్చి, మూడు వంతుల కార్న్‌ఫ్లోర్, ఒక వంతు బియ్యప్పిండి, మిరియాల పొడి, ఉప్పు కలిపిన పొడి పిండిలో దొర్లించండి. ఐదు నిమిషాలు ఆగితే పిండి అతుక్కుంటుంది. అరగంట ఆగితే మాత్రం తడి పీల్చి బంకలా అవుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద నూనెలో మాడి చేదెక్కుతుంది. వాసన కావాలంటే దాన్ని పిండి, ఆ రసం ఒక చెంచా తెల్లసొనలో కలపండి. కారం పొడి కూడా త్వరగా నల్లబడుతుంది, ఘాటంతా సాస్‌కే వదిలేయండి.

ముందే వేయించడం గురించి: 165 డిగ్రీల నూనెలో ఒకటిన్నర నిమిషం, రంగు రాకముందే తీసి జాలీ మీద పెట్టండి. వాళ్లు కూర్చున్నాక 190 డిగ్రీల్లో అర నిమిషం. మధ్యలో 20 నిమిషాలకు మించి ఆగొద్దు, సగం ఉడికిన రొయ్యను గంటలకొద్దీ బయట పెట్టకూడదు.

జవాబు: ఇంటి వంట

పైవారు చెప్పిన తడి సంగతి, పిండి సంగతి అక్షరాలా నిజం. రెండుసార్లు వేయించడం మాత్రం ఇంట్లో వద్దంటాను. కోడి ముక్కకు అది బాగా కుదురుతుంది, రొయ్యకు అంత వ్యవధి ఉండదు. ఒక్క అర నిమిషం ఎక్కువైనా రబ్బరైపోతుంది. సరిగ్గా వేగిన రొయ్య కాస్త వంగి ఉంటుంది. తల వైపు తోకను తాకేలా గుండ్రంగా చుట్టుకుపోయిందంటే మించిపోయినట్టే. (పొట్టకు గాట్లు పెట్టినవాటికి ఈ గుర్తు పనిచేయదు, వాటిలో ఒకటి విరిచి చూడండి. మధ్యలో గాజులా మెరవకుండా తెల్లగా ఉండాలి.)

నేనైతే ఒకేసారి, 180 డిగ్రీల్లో, రెండు నిమిషాల్లో ముగిస్తాను. థర్మామీటర్ లేకపోతే తెల్లసొన తడిపిన చిటికెడు పిండి వేసి చూడండి. అడుగుకు పోకుండా వెంటనే బుడగలతో పైకి తేలాలి. లోతైన గిన్నెలో సగానికి తక్కువే నూనె పోయండి, విడతకు 8 వేయండి. గిన్నె నిండా వేస్తే నూనె చల్లబడి రొయ్యలు నూనె తాగుతాయి. విడతకూ విడతకూ మధ్య నూనె మళ్లీ కాగనివ్వండి. మొత్తం ఆరు విడతలు, ఇరవై నిమిషాల పని. మొదటి రెండు విడతలు అవ్వగానే బల్ల మీదికి పంపేయండి, అందరికీ కలిపి ఒకేసారి పెట్టాలని ఆగకండి. వీలైతే వాళ్లనే వంటగదిలోకి పిలవండి. మీరు వేయిస్తూ మాట్లాడొచ్చు, వాళ్లు నిలబడి వేడివేడిగా తింటారు. నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి అదే.

సాస్ నేను చేసేది: రంగు బాగా ఇచ్చే ఎండుమిరపకాయలు 12, సగం వాటికి గింజలు దులిపేసి, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి. 6 వెల్లుల్లి రెబ్బలతో కలిపి మరీ మెత్తగా కాకుండా రుబ్బాలి. అర కప్పు నీళ్లు, పావు కప్పు వెనిగర్, 4 టేబుల్‌స్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు వేసి ఐదారు నిమిషాలు మరిగించాలి. చివర్లో ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ చల్లనీళ్లలో కలిపి పోయాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలిచిందంటే దించేయొచ్చు, చల్లారాక ఇంకొంచెం చిక్కబడుతుంది. నిమ్మరసం చల్లారాకే పిండండి. ఇది గురువారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, మర్నాటికి ఘాటూ పులుపూ బాగా కలుస్తాయి.

పిల్లలకు ఇదే సాస్ ఒక చెంచా తీసుకుని చిక్కటి పెరుగులో కలిపి ఇవ్వండి. మిరప ఘాటు నీళ్లకు లొంగదు, పాలూ పెరుగూ ఉంటే తగ్గుతుంది.

జవాబు: నెమ్మదిగా

వంట గురించి అందరూ బాగా చెప్పారు. నేను ఒక్కటే చెప్పాలి. వచ్చే ఎనిమిది మందినీ రొయ్యలు పడతాయా అని ఈరోజే ఫోన్ చేసి అడగండి, ముఖ్యంగా పిల్లల అమ్మానాన్నలను. రొయ్యల అలర్జీ ఉన్నవాళ్లు మా ఇంట్లో ఉన్నారు. రొయ్యలు వేగిన నూనెలో వేరే కూరగాయ ముక్కలు వేయించినా అలాంటివాళ్లకు ప్రమాదమే. పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం దాకా పోవచ్చు. అలాంటివారు ఒక్కరు ఉన్నా వేరే గిన్నె, వేరే నూనె, వేరే గరిటె వాడండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మమ్మల్ని అలా అడిగినవాళ్లంటే మాకు ఎంతో గౌరవం.

ఉప్పూకారం

అందరికీ చాలా థాంక్స్. ఫోన్లు చేశాను, ఎవరికీ అలర్జీ లేదు. నిన్న పావు కిలోతో చేసి చూశాను. పొడి పిండి, జాలీ రెండూ పనిచేశాయి, పావుగంట తర్వాత కూడా కొరికితే చప్పుడు వినిపించింది. ఒకేసారి వేయించడానికే నిర్ణయించుకున్నాను, వంటగదిలోనే అందరినీ నిలబెడతాను.

సాస్ దగ్గర ఒక సందేహం. దించినప్పుడు చిక్కగానే ఉంది. తింటూ ఉండగా గిన్నెలో సగం అయ్యేసరికి నీళ్లలా పల్చబడింది. కార్న్‌ఫ్లోర్ ఇంకా వేయాలా?

వేపుళ్ల పొయ్యి

వద్దు, ఎక్కువ వేస్తే జిగురుగా తగులుతుంది. కొరికిన రొయ్యను మళ్లీ అదే గిన్నెలో ముంచుతారు కదా, నోటి లాలాజలంలో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అది కలిస్తే కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడిన సాస్ పల్చబడవచ్చు. మనిషికొక చిన్న గిన్నెలో రెండేసి చెంచాలు పోసి ఇవ్వండి, శుభ్రంగానూ ఉంటుంది. ఇంకోటి, కార్న్‌ఫ్లోర్ వేశాక ఒక నిమిషం మరిగితే చాలు. వెనిగర్ ఉన్న సాస్‌ను అంతకు మించి మరిగిస్తే పులుపు వల్ల కూడా చిక్కదనం పోతుంది.

వెల్లుల్లి వెనిగర్‌లో పడి ఒక్కోసారి నీలంగానో పచ్చగానో మారుతుంది. అలా కనిపిస్తే పారేయకండి, అది పాడైనట్టు కాదు.

అందరికీ సరిపోవాలని సాస్ రెండింతలు చేస్తే మిరపకాయలు 24 కాకుండా 20తో మొదలుపెట్టి, చల్లారాక రుచి చూడండి. వేడి మీద అసలు ఘాటు సరిగ్గా తెలియదు.