‘ఫిర్ ఛిడీ రాత్ బాత్ ఫూలోఁ కీ’: విరుపు ఎక్కడ?

‘బాజార్’ (1982) అనే హిందీ సినిమాలోని ఈ పాటలో ఛిడినది రాత్రా, మాటా, విరుపు ఎక్కడ అని ఒకరు అడిగారు. వాక్యం ప్రకారం మాటే. ‘ఛిడ్‌నా’ అంటే మొదలవడం: రాగమైనా, యుద్ధమైనా, కబురైనా. రాత్రివేళ మళ్లీ పూల ముచ్చట మొదలైంది. కానీ వింటుంటే రాత్రే మొదలైనట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడం తప్పు కాదు, దానికి ఛందస్సులోనే కారణం ఉంది.

ఉర్దూలో దీర్ఘం తర్వాతి పొల్లును కూడా లఘువుగా లెక్కిస్తారు. అప్పుడు పాదం ఇలా విరుగుతుంది: ఫిర్ ఛిడీ రా / త్ బాత్ ఫూ / లోఁ కీ. మన లెక్కలో రగణం, ఆపైన గురువు; జగణం, ఆపైన గురువు; చివర గగ (రెండు గురువులు). ‘రాత్’ గణం మధ్యలో తెగి, దాని ‘త్’ వెళ్లి ‘బాత్’ను పట్టుకుంది. మన పద్యంలో పదం ఒక గణం నుంచి ఇంకో గణంలోకి సాగినట్టే. అందుకే ‘రాత్’ తర్వాత కామా పెట్టడానికి చెవి ఒప్పుకోదు. రాత్రీ మాటా ఒకే ఊపిరిలో వస్తాయి. ఈ గజల్ రాసిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ పనితనం అది! అప్పటి మెదక్ జిల్లా ఆందోలులో పుట్టిన మన మఖ్దూం. ఆయన పోయిన పదమూడేళ్లకు హైదరాబాదు కథతోనే వచ్చిన సినిమాలో, లతా, తలత్ అజీజ్ గొంతుల్లో ఈ గజల్ వినిపించింది.

ఇప్పుడు అదే సినిమాలో జగ్జీత్ కౌర్ పాడిన ‘దేఖ్ లో ఆజ్ హమ్‌కో జీ భర్ కే’ (ఈవేళ నన్ను కరువుతీరా చూసుకో) తీసుకోండి. లక్నో కవి మీర్జా షౌక్ ‘జహర్-ఎ-ఇష్క్’ మస్నవీలోది (మస్నవీ అంటే కథాకావ్యం), 19వ శతాబ్దం. గణాలు వేసి చూడండి: దేఖ్ లో ఆ / జ్ హమ్‌కో జీ / భర్ కే. (‘కో’ను ఇక్కడ హ్రస్వంగా పలకాలి.) అదే రగణం, అదే జగణం, అదే గగ! పూల రాత్రికీ చివరి చూపుకూ ఒకటే ఛందస్సు, ఉర్దూవాళ్లు ‘ఖఫీఫ్’ అనేది. మస్నవీలో ఆ మాటలు విషం తాగబోయే అమ్మాయివి. సినిమాలో కూడా, పేదింటి పిల్లను గల్ఫ్ డబ్బున్న పెళ్లికొడుక్కి కట్టబెడితే ఆమె విషమే తాగుతుంది. పూల పాటలో ప్రేమలో కనిపించిన పిల్ల ఆమే. సంగీత దర్శకుడు ఖయ్యాం రెండింటికీ వేరు వేరు నడకలు కట్టారు కాబట్టి మామూలుగా వింటే ఈ చుట్టరికం తెలియదు. గణాలు వేస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

దర్శకుడు సాగర్ సర్హదీ, ఖయ్యాం ఒకే ఛందస్సు పాటల్ని కావాలని ఎంచుకున్నారని నేననడం లేదు. ఖఫీఫ్ ఉర్దూలో బాగా వాడుకలో ఉన్న ఛందస్సు, గాలిబ్ ‘దిలే నాదాన్’ కూడా ఇదే.

ఇదే సినిమాలోని, ఉర్దూ కవి మీర్ రాసిన ‘దిఖాయీ దియే యూఁ’ మాత్రం వేరు. మూడు యగణాలు, ఆపైన లఘువు, గురువు. నాలుగు యగణాల భుజంగప్రయాతంలో చివరి గురువొకటి తీసేసి చదవండి, సరిగ్గా కుదురుతుంది.