బండలాగుడు పందేల డీవీడీలు: ఉన్నది ఉన్నట్టు దాచాలా, చిన్న ఫైళ్ళుగా మార్చాలా?

టంగుటూరు రైతుబిడ్డ:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఒంగోలు గిత్తలను పెంచేవారు. 2004 నుంచి 2012 దాకా చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో బండలాగుడు పందెం జరిగినా మా జతను తోలుకుపోయేవారు. ఆ పందేలను కమిటీవారు తీయించిన డీవీడీలు 42 మా బీరువాలో ఉన్నాయి. నాన్నగారు నిరుడు కాలం చేశారు. సంవత్సరీకానికి బంధువులు వచ్చేలోగా వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని మొదలుపెడితే 3 డిస్కులు అసలు తెరుచుకోలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేరుతో చిన్న ఎంపీ4 ఫైళ్ళుగా మార్చి డిస్కులను తీసేయమని మా బావగారు అంటున్నారు. మార్చడమే వద్దు, డిస్కులో ఉన్నది ఉన్నట్టు దించుకోవాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఏది సబబో, ఎందుకో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి వీడియోగ్రాఫరు:

తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు తీసినవాణ్ణి కనుక మీ బావగారి మాటే సరైనదని చెబుతున్నాను. వీడియోను కుదించి దాచే పద్ధతులలో డీవీడీలో ఉండే ఎంపెగ్-2 పాతది. 2003లో వచ్చిన హెచ్.264 అదే బొమ్మను సగం చోటులోనే పట్టిస్తుంది. నేను హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, అది తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైలు పెరుగుతుంది) 20 పెట్టి, గీతల చీలికను సరిచేసే డీకాంబ్ వడపోత వేసి, ఫ్రేమ్ రేటు సెకనుకు 25 ఉంచుతాను. రెండు గంటల డిస్కు రెండు గిగాబైట్ల లోపే వస్తుంది, పెన్‌డ్రైవులో వేసి టీవీకి పెడితే ఆడుతుంది. దాని తరువాత వచ్చిన హెచ్.265 ఇంకా చిన్నదిగా చేస్తుంది కానీ ఊళ్ళలోని పాత టీవీలు చాలావరకు దానిని చదవలేవు. ఇక డిస్కులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళనే ఇస్తే మీ మేనత్తలు, చిన్నాన్నలు వాటిని తెరవలేరు. వాటిని కలిపి ఒకే పెద్ద ఫైలు చేద్దామన్నా, పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలు దానిలోకి ఎక్కదు. తెరవడమే తెలియని వీడియోను ఎంత స్వచ్ఛంగా దాచినా ఆ గిత్తలను మీ పిల్లలు చూడరు.

నెల్లూరు పాఠకుడు:

కావలి అన్నగారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. బంధువుల చేతికి హెచ్.264 ఎంపీ4 ఇవ్వడమే మేలన్న మాటను కూడా ఒప్పుకుంటాను. అయితే దాచుకునే ప్రతి, చూసుకునే ప్రతి రెండూ ఒకటే కావాలని అనుకోవడం దగ్గరే చిక్కు వస్తున్నది.

ముందు చోటు లెక్క చూద్దాం. మామూలు ఒక పొర డీవీడీ 4.7 గిగాబైట్లు. అటువంటివి 42 నిండుగా ఉన్నా 200 గిగాబైట్లు కావు, అంటే ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో అయిదో వంతు కూడా పట్టవు. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేరులో డీవీడీని దించుకోవడం ఉచితం. అది బొమ్మను ముట్టుకోదు, డిస్కులోని ఎంపెగ్-2ను, శబ్దాన్ని యథాతథంగా తీసి ఎంకేవీ అనే సంచిలో పెడుతుంది. కాబట్టి చోటు చాలదన్న కారణంతో మూలాన్ని వదులుకోవలసిన అవసరం ఇక్కడ లేదు.

రెండవది, నాకు ముఖ్యమైనది, కదలిక సంగతి. మన దేశపు డీవీడీ పాల్ అనే టీవీ ప్రమాణానిది. అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. కానీ ఆనాటి క్యామ్‌కార్డర్లు మామూలుగా సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తరువాతివి. ఆ రెంటిని ఒకే ఫ్రేములో కలిపి చూపితే గిత్త కాళ్ళ అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనబడతాయి. డీకాంబ్ ఆ పళ్ళను సరిచేస్తుంది. అయితే ఫ్రేమ్ రేటును 25 దగ్గర ఉంచి సరిచేస్తే సగం క్షణాలు పోతాయి. పెళ్ళిలో తలంబ్రాలకు అది పెద్ద నష్టం కాకపోవచ్చు. బండ కదిలే ముందు గిత్తలు మెడ దించి కాలు తన్నిపెట్టే తీరు, డెక్క జారి మళ్ళీ పట్టు దొరికించుకునే తీరు, చెర్నాకోల గాలిలో తిరిగే తీరు, ఇవన్నీ ఆ యాభయ్యో వంతులలోనే ఉన్నాయి. జతను పెంచిన మనిషి కళ్ళు చూసేది వాటినే కదా.

అందువల్ల చూసుకునే ప్రతి చేసేటప్పుడు కూడా హ్యాండ్‌బ్రేక్‌లోని బ్విడిఫ్ అనే వడపోతను, ప్రతి సగం బొమ్మను ఒక పూర్తి ఫ్రేముగా మార్చే బాబ్ పద్ధతిలో వేసి, ఫ్రేమ్ రేటు దగ్గర 50 ఎంచుకోమని నా మనవి. అక్కడ 25 అని ఉంటే బాబ్ వేసిన ప్రయోజనం పోతుంది. ఆర్‌ఎఫ్ 18 చాలు. నాయిస్ (బొమ్మ మీది గరుకు చుక్కలు) తగ్గించే వడపోతలు వద్దు, ఎందుకంటే గిత్తల కాళ్ళ దగ్గర లేచే దుమ్మును కూడా అవి నాయిస్ కింద లెక్కకట్టి తుడిచేస్తాయి. పనిలో పనిగా తెరుచుకోని 3 డిస్కులను కూడా పారవేయవద్దు. చెడిన డిస్కుల నుంచి సమాచారాన్ని రాబట్టే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేరు చదవగలిగినంత చదివి, మిగిలిపోయిన చోట్లను గుర్తుపెట్టుకుంటుంది. అదే గుర్తు ఫైలుతో మరొక డ్రైవులో ప్రయత్నిస్తే కొన్నిసార్లు మొదటి డ్రైవు వదిలేసినవి దొరుకుతాయి.

కావలి వీడియోగ్రాఫరు:

50 ఫ్రేముల మాట నిజమే. పెళ్ళిళ్ళ అలవాటుతో 25 రాశాను, పందేలకు అది తప్పు. మూలాన్ని దాచడం మీద మాత్రం నా సందేహం పోలేదు. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒకే హార్డ్ డిస్కు కొని, అన్నీ అందులో వేసి, అది ఒక రోజు చెడిపోయాక ఏడుస్తూ వస్తారు. చిన్న ఎంపీ4 అయితే నలుగురు అన్నదమ్ముల ఇళ్ళలో నాలుగు ప్రతులు ఉంటాయి. 200 గిగాబైట్ల మూలాన్ని నలుగురు దాచరు.

మరొక హెచ్చరిక చేయాలి. పాల్ డీవీడీ చుక్కలు చదరంగా ఉండవు. వెడల్పును బలవంతంగా 720 చదరపు చుక్కలకు దించితే, పాత 4:3 బొమ్మలో గిత్తలు బక్కచిక్కి కనబడతాయి. దాని అసలు వెడల్పు 768, వెడల్పు తెర బొమ్మ అయితే 1024. హ్యాండ్‌బ్రేక్ దీనిని తానే చూసుకుంటుంది, మనం చేయి పెట్టకుండా ఉంటే చాలు.

నెల్లూరు పాఠకుడు:

హార్డ్ డిస్కు మాట అక్షరాలా నిజం అన్నగారూ. రెండు హార్డ్ డిస్కులు, రెండు ఊళ్ళలో ఉండాలి. ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి బావగారి దగ్గర ఉంచితే ఇద్దరి మాటా చెల్లుతుంది.

టంగుటూరు రైతుబిడ్డ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి 2006 నాటి రెండు పళ్ళ విభాగం (గిత్తల వయసును పళ్ళతో లెక్కకట్టి చేసే విభాగం) డిస్కును మేక్‌ఎంకేవీతో దించి, ఒక్క నిమిషాన్ని రెండు విధాలా మార్చి చూశాను. 25లో గిత్తలు గెంతుతూ వెళుతున్నట్టు ఉంది. 50లో మాత్రం అవి ముందుకు ఒక అడుగు, వెనక్కి అర అడుగు వేస్తున్నట్టు వణికాయి. కారణం వెతికితే, ఆ డిస్కు చేసినవారు సగం బొమ్మల వరుసను తారుమారు చేశారని తెలిసింది. క్యామ్‌కార్డరులో వాడే డీవీ టేపులో కింది సగం ముందు వస్తుందట, డిస్కు మీద మాత్రం పై సగం ముందని రాసి ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేరులో ఆ వరుసను సరిచేసి మళ్ళీ మార్చగానే, ఎడమ గిత్త కుంటుతున్నదని నాన్నగారు ఆ రోజు ఎందుకన్నారో కంటికి కనబడింది. నేరుగా 25లోకి మార్చి డిస్కును పారవేసి ఉంటే దీన్ని సరిచేసే దారి మిగిలేది కాదు.

గంటన్నర డిస్కు 50 ఫ్రేములతో, ఆర్‌ఎఫ్ 18తో 2.6 గిగాబైట్లు వచ్చింది. బావగారికి చూపించాను, ఒప్పుకున్నారు. రెండో హార్డ్ డిస్కు ఆయనే కొంటానన్నారు. ఈ వారంలో 39 డిస్కులు దించి, ఆ 3 డిస్కుల మీద డీడీరెస్క్యూ నడిపాక ఫలితం ఇక్కడే రాస్తాను.