ఎంఐఎస్ ల్యాబ్‌లో ఏం నేర్పాలి: ఈఆర్‌పీ తెరలా, ఎస్‌క్యూఎల్ టేబుళ్లా?

సిలబస్‌కత్తెర:
బిజినెస్ ఇంజనీరింగ్ రెండో ఏడాదికి ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) కోర్సు. 14 వారాలు, వారానికి రెండు గంటల ల్యాబ్, మొత్తం 28 గంటలు. ఈ విద్యార్థులు ప్రోగ్రామర్లు కారు, అకౌంటెంట్లూ కారు. రేపు ప్లాంటులోనో సప్లై చెయిన్‌లోనో కూర్చుని, సిస్టం చూపించే అంకెను నమ్మాలో వద్దో తేల్చాల్సినవాళ్లు. ఆ 28 గంటలూ ఈఆర్‌పీకి (కంపెనీ విభాగాలన్నీ ఒకే చోట పని ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఇవ్వాలా, ఎస్‌క్యూఎల్‌కి (డేటాబేస్ టేబుళ్లను ప్రశ్నలడిగే భాష) ఇవ్వాలా? "చెరి సగం" అని మాత్రం చెప్పకండి. అలా చేస్తే రెండూ పైపైనే పోతాయి.

గోడౌన్‌గుమాస్తా:
ఈఆర్‌పీయే. ఒక్క కొనుగోలు చూపిస్తే చాలు.

100 బేరింగులకు, ఒక్కోటి 50 చొప్పున, పర్చేజ్ ఆర్డర్ పెట్టించండి. 90 మాత్రమే వచ్చినట్టు గూడ్స్ రిసీట్ కొట్టించండి. వెంటనే స్టాక్ ఖాతాకు 4,500 డెబిట్, జీఆర్-ఐఆర్ ఖాతాకు (సరుకు రిసీటుకీ బిల్లుకీ మధ్య తేడా నిలిచే ఖాతా) 4,500 క్రెడిట్ పడుతుంది. బిల్లు రాలేదు, డబ్బు కదల్లేదు, అయినా లెడ్జర్ కదిలింది. ఇప్పుడు సప్లయర్ మొత్తం 100కీ బిల్లు వేశాడనుకుని 5,000 ఎక్కించమనండి. ఆర్డరు, రిసీటు, బిల్లు మూడూ పోల్చి సిస్టం ఆ బిల్లును పేమెంట్ బ్లాకులో పెడుతుంది. జీఆర్-ఐఆర్‌లో 500 డెబిట్ మిగిలిపోతుంది.

ఆ 500 ఎవరి నెత్తిన? గోడౌన్ మళ్లీ లెక్కపెట్టాలా, కొనుగోలు విభాగం క్రెడిట్ నోట్ అడగాలా, మిగతా పది వచ్చేదాకా అకౌంట్స్ ఆగాలా? మూడు విభాగాలు ఒకే రికార్డు చుట్టూ తిరగడమే ఎంఐఎస్. దీన్ని సెలెక్ట్ స్టార్‌తో (టేబుల్ మొత్తం చూపించమనే ఎస్‌క్యూఎల్ ఆజ్ఞ) నేర్పండి చూద్దాం.

జాయిన్‌జోగయ్య:
గుమాస్తా గారూ, 500 లెక్క బాగుంది. మరి ల్యాబ్ షీట్లో అది ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఈ మెనూ తెరవండి, ఆ గడిలో 90 వేయండి, సేవ్ నొక్కండి. ఇలా నలభై మెట్లు, చివర డాక్యుమెంట్ నంబర్ వస్తే మార్కులు. నేర్చుకున్నది వేలు, బుర్ర కాదు. వెర్షన్ మారి మెనూ అటూ ఇటూ అయితే ఆ నేర్పూ పోయె.

వాళ్ల అసలు పని రిపోర్టు చదవడం. అది ఎక్కడ తప్పుతుందో చూడండి. ఆర్డర్ 501కి మూడు లైన్లు, మొత్తం 12,000. కస్టమర్ రెండు విడతల్లో 7,000, 5,000 కట్టేశాడు. బాకీ సున్నా. ఇప్పుడు ఆర్డర్ టేబుల్‌కి లైన్లనూ పేమెంట్లనూ ఒకే క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) జాయిన్ చేసి మొత్తాలు వేయించండి. ప్రతి లైనూ ప్రతి పేమెంటుతో జతపడి ఆరు వరుసలవుతాయి. అమ్మకం 24,000, వసూలు 36,000 అని తేలుతుంది. అంటే ఆ కస్టమర్ 12,000 ఎక్కువ కట్టాడట! ఎర్రర్ రాదు. హెచ్చరికా రాదు. డాష్‌బోర్డ్ మీద పచ్చరంగులో నిగనిగలాడుతుంది.

కొందరు డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే లెక్కించమనే మాట) తగిలించి బయటపడదామనుకుంటారు. రెండు లైన్ల మొత్తం ఒకటే అయితే ఒకటి మాయమై కొత్త తప్పు పుడుతుంది. లైన్లను ఆర్డర్ వారీగా విడిగా కూడాలి, పేమెంట్లను విడిగా కూడాలి, ఆ తర్వాతే కలపాలి. "ఈ టేబుల్లో ఒక వరుస అంటే దేనికి?" అని అడగడం అలవాటు కావాలంటే పదహారు గంటల క్వెరీలైనా రాయాలి.

2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్ 65,536 వరుసల దగ్గర ఆగిపోవడమే కారణం. పంపిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని పోల్చి చూసే బుద్ధి ఏ ఈఆర్‌పీ తెరా నేర్పదు.

గోడౌన్‌గుమాస్తా:
నలభై మెట్ల షీటు చెత్తే, కాదనను. కానీ జోగయ్య గారూ, మీ తప్పంతా క్వెరీలో ఉంది. క్వెరీ నిక్షేపంగా ఉండి డేటానే తప్పయితే?

ఒక బల్లకి 8 స్క్రూలు. 100 బల్లలకి 800. స్క్రూలు కొనేది బాక్సుల్లో, బాక్సుకి 100. ఐటెం మాస్టర్లో (ప్రతి వస్తువు వివరాలుండే రికార్డు) ఆ మార్పిడి 100 అని పెట్టాల్సినచోట 1 అని ఉండిపోయింది. మెటీరియల్ ప్లానింగ్ నడిపితే ఎనిమిది బాక్సులకు బదులు 800 బాక్సులు, అంటే 80,000 స్క్రూలు కొనమంటుంది. మీ క్వెరీ కూడా 800 అనే చూపిస్తుంది, దాని తప్పేం లేదు మరి. యూనిట్ గడి చూడాలని తట్టేది, ఆ గడి నింపకపోతే ఏమవుతుందో ఒకసారి చేసి చూసినవాళ్లకే. లీడ్ టైం (ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి పట్టే కాలం) కూడా ఇంతే. మూడు వారాలకు బదులు మూడు రోజులని ఉంటే ప్లాన్ చూడముచ్చటగా వస్తుంది, సరుకే రాదు.

ముడిసరుకు:
ఇద్దరూ ఒకే బల్లకి చెరో వైపు కూర్చుని వాదిస్తున్నారు. సమాచార వ్యవస్థలు కట్టేవాళ్ల అపోహలు ఐదింటిని మేనేజ్‌మెంట్ పండితుడు రస్సెల్ అకాఫ్ 1967లోనే ఎత్తిచూపాడు. ఐదోది: మేనేజరుకి సిస్టం వాడటం వస్తే చాలు, అది ఎలా పనిచేస్తుందో తెలియనక్కర్లేదు. వట్టి తెరల ల్యాబ్ నేర్పేది సరిగ్గా ఆ అపోహనే. అలాగని ఎవరో తయారుచేసి ఇచ్చిన టేబుళ్ల మీద క్వెరీలు రాయించినా లోపలి పని అర్థం కాదు. ఆ వరుస ఏ పని వల్ల పుట్టిందో కనబడదుగా.

నేనైతే ఒకే లావాదేవీని తెర మీద చేయించి, వెంటనే దాని టేబుళ్లు తెరిపిస్తాను. ఇది చెరి సగం కాదు, 28 గంటలూ ఇదే. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, వెనక మరియాడీబీ అనే ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటుంది కాబట్టి వీలవుతుంది. మొదటి రెండు ల్యాబులకు కంప్యూటర్ వద్దు. నలుగురేసి జట్లు చేసి ఆర్డరు, రిసీటు, బిల్లు కాగితాల మీద రాయించి చేతులు మార్పించండి. మూడో వారం గుమాస్తా గారి 90 బేరింగులు సిస్టంలో. పర్పెచువల్ ఇన్వెంటరీ (సరుకు కదిలినప్పుడల్లా లెడ్జర్‌నూ కదిలించే అమరిక) ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే రిసీటుకి లెడ్జర్ కదలదు. జీఆర్-ఐఆర్ పేరు కోసం వెతక్కండి, అక్కడ దాన్ని "స్టాక్ రిసీవ్డ్ బట్ నాట్ బిల్డ్" అంటారు. ఓవర్ బిల్లింగ్ అలవెన్స్ (ఎంత ఎక్కువ బిల్లును ఒప్పుకోవాలో చెప్పే హద్దు) సున్నా అయి, బిల్లును ఆ 90 రిసీటు నుంచే తయారుచేస్తే, 100కి బిల్లును బ్లాకులో పెట్టడం కాదు, అసలు సబ్మిటే కానివ్వదు. ఈ తేడా మీద ఒక గంట చర్చ నడుస్తుంది.

క్వెరీ వైపు రెండు ముళ్లున్నాయి. టేబుల్ పేర్ల మధ్యలో ఖాళీలుంటాయి, చుట్టూ బ్యాక్‌టిక్ (`) గుర్తులు పెట్టకపోతే క్వెరీ నడవదు. రెండోది ఇంకా మంచి పాఠం: రిసీటు క్యాన్సిల్ చేస్తే లెడ్జర్ వరుసలు చెరిగిపోవు, ఎదురు వరుసలు పుడతాయి. డెబిట్‌లోంచి క్రెడిట్ తీసేస్తే సున్నాయే వస్తుంది గానీ, డెబిట్ కాలమ్ ఒక్కటే కూడితే అంకె ఉబ్బిపోతుంది. క్యాన్సిల్ గుర్తున్న వరుసల్ని వడకట్టాలి.

జాయిన్‌జోగయ్య:
ఇలాగైతే నాకు పేచీ లేదు. ఒక్క షరతు. స్టూడెంట్లకు ఇచ్చే డేటాబేస్ యూజర్ చదవడానికి మాత్రమే ఉండాలి. అప్‌డేట్ హక్కు ఇస్తే ఎవరో ఒకరు స్టాక్ అంకెను టేబుల్లోనే నేరుగా మార్చేస్తారు. లెడ్జర్ ఒకటి చెబుతుంది, స్టాక్ మరొకటి చెబుతుంది. దారి విడిపోయిన చోటు వెతకడానికే ఆ ల్యాబ్ గడిచిపోతుంది.

గోడౌన్‌గుమాస్తా:
నాదీ ఒక షరతు. క్వెరీ అందంగా రాశారని మార్కులు వేయకండి. ఆ 500 ఎవరు తేల్చాలో చెప్పినవాళ్లకే వేయండి.

సిలబస్‌కత్తెర:
సరే, పరీక్ష? 60 మందికి ఒకే సర్వర్ ఉంటే?

ముడిసరుకు:
పరీక్షకు మూడు తప్పులు దాచిన కంపెనీ ఇవ్వండి: మార్పిడి 1 అని ఉన్న ఐటెం, తప్పు లీడ్ టైం, రెండు పేర్లతో ఉన్న ఒకే సప్లయర్. తొంభై నిమిషాలు. ఏ అంకె తప్పు, ఏ గడి వల్ల, ఎవరు సరిచేయాలి, ఈ మూడూ రాయాలి. తప్పు దొరికి గడి దొరక్కపోతే సగం మార్కులు.

సర్వర్ ఒకటైనా ఫరవాలేదు, సైట్ మాత్రం ఒకటి కాకూడదు. ఈఆర్‌పీనెక్స్ట్‌ని నడిపే ఫ్రాపే బెంచ్‌లో ఒక్కో సైట్‌కి విడి డేటాబేస్ ఉంటుంది కనుక నలుగురి జట్టుకి ఒకటి చొప్పున పదిహేను సైట్లు పెట్టండి. అందరూ ఒకే సైట్లో ఉంటే, ఒకరు అకౌంట్స్ ఫ్రీజ్ తేదీ పెట్టగానే ఆ తేదీ దాకా మిగతా 59 మంది పోస్టింగులూ ఆగవచ్చు. ప్రతి ల్యాబ్ ముందు శుభ్రమైన బ్యాకప్ రీస్టోర్ చేయండి. రీస్టోర్ అయ్యాక అడ్మిన్ పాస్‌వర్డ్ బ్యాకప్ నాటిదే ఉంటుంది, చీటీ మీద రాసి ఉంచుకోండి.