డిగ్గర్స్‌ని తెలుగులో ఏమందాం? పోతన పద్యంలో ఒక మాట దొరికింది

గుంపులో అందరికీ నమస్కారం.

1966–67 నాటి శాన్ ఫ్రాన్సిస్కో హిప్పీల గురించి ఒక చిన్న పత్రికకి వ్యాసం రాస్తున్నాను. నాలుగు రోజులుగా ఒక్క పేరు దగ్గర కలం ఆగిపోయింది. మీ సాయం కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

హిప్పీ అన్న మాటతో నాకు పేచీ లేదు. అది తెలుగులోకి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. కాకపోతే మన దగ్గర జుట్టు దగ్గరే ఆగిపోయింది. మా పెదనాన్నగారి పెళ్ళి ఫొటోలో ఆయన చెవులు కనబడవు. ఇంట్లో ఇప్పటికీ దాన్ని ‘హిప్పీ క్రాపు ఫొటో’ అనే అంటారు. ‘ఏంట్రా ఆ హిప్పీ అవతారం’ అన్నారంటే క్షవరం చేయించుకు రమ్మని. ఆ జుట్టు పెంచినవాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, దేన్ని వద్దనుకుని ఇల్లు విడిచారు అన్నది ఆ మాటతో పాటు మన దాకా రాలేదు.

అసలు వాళ్ళలోనే కొందరికి ఆ పేరు గిట్టలేదు. 1967 అక్టోబరు 6న అక్కడి హిప్పీల పేట హైట్ యాష్‌బరీ వీధుల్లో ‘హిప్పీ’కి శవయాత్ర చేశారు. శవపేటిక మోశారు. పోయినవాడు పత్రికల ముద్దుబిడ్డ అని చాటారు. ఆ ఊరేగింపు వెనక ఉన్న గుంపు పేరు డిగ్గర్స్. నా చిక్కంతా ఈ పేరుతోనే.

వీధినాటకాల బృందం ఒకదాన్నుంచి విడివడిన ఎమెట్ గ్రోగన్, పీటర్ బెర్గ్, పీటర్ కొయోటీ లాంటివాళ్ళు 1966లో మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం 4 గంటలకి పాన్‌హ్యాండిల్ అనే పార్కులో, వచ్చినవాళ్ళకల్లా వేడివేడిగా తిండి పెట్టేవాళ్ళు. ఒక పెద్ద చెక్క చట్రం నిలబెట్టి, అందులోంచి దాటి వచ్చి గిన్నె పట్టమనేవాళ్ళు. డబ్బు పుచ్చుకోని దుకాణం ఒకటి నడిపారు. వాళ్ళ రొట్టె గురించి చదువుతుంటే నాకు వాసన తగిలినట్టే ఉంది. తవుడు తీయని గోధుమపిండి ముద్దని ఖాళీ కాఫీ డబ్బాల్లో వేసి కాల్చేవాళ్ళట. పిండి డబ్బా అంచు దాటి పొంగి, పైన పుట్టగొడుగులా విచ్చుకునేది. రొట్టెలకి మూకుడు కొనక్కర్లేదు, ఊళ్ళో పారేసిన డబ్బా చాలు.

పేరు మాత్రం వాళ్ళది కాదు, అరువు తెచ్చుకున్నది. 1649 ఏప్రిల్‌లో, ఇంగ్లండ్‌లో రాజు తల నరికిన రెండు నెలలకి, గెరార్డ్ విన్‌స్టాన్లీ వెంట కొద్దిమంది పేదలు సర్రీలోని సెయింట్ జార్జ్ కొండ మీద ఉమ్మడి బంజరు తవ్వి దుంపలూ క్యారెట్లూ చిక్కుళ్ళూ వేశారు. భూమి అందరిదీ అన్నారు. చుట్టుపక్కల ఆసాములు పైరు పాడుచేయించారు, గుడిసెలు పడగొట్టించారు. ఒక చోట తరిమితే ఇంకో చోట తవ్వారు. 1650 ఏప్రిల్ కల్లా అంతా అయిపోయింది. వాళ్ళని జనం పిలిచిన పేరు డిగ్గర్స్. పైగా 1960ల కుర్రకారు భాషలో ‘డిగ్’ అంటే నచ్చడం, మనసుకెక్కడం కూడా. రెండర్థాలూ తెలిసే పెట్టుకున్నారు.

మరి తెలుగులో ఏమనాలి? ‘తవ్వకందార్లు’ అంటే గుప్తనిధులో అక్రమ ఇసుకో గుర్తొస్తాయి. ఆ ‘తవ్వకాలు’ అన్న మాటని దొంగలు ఎప్పుడో ఎత్తుకుపోయారు. ‘మట్టికి మళ్ళినవాళ్ళు’ అని రాసి కొట్టేశాను. మన చెవికి అది చావు కబురు. మట్టిలో కలిశాడన్నా, మట్టి చేశామన్నా ఏమిటో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళు ‘నేలకి తిరిగి వెళ్దాం’ అని హుషారుగా అనగలిగారు కానీ తెలుగులో ఆ వాక్యం పలికితే ఇంట్లో పెద్దవాళ్ళు ‘అవేం మాటలు’ అంటారు.

మొన్న రాత్రి కందగడ్డ చెక్కు తీస్తుంటే, ఎప్పుడో బళ్ళో బట్టీపట్టిన పద్యం నోట్లోకి వచ్చింది. ‘హాలికులైననేమి గహనాంతరసీమల గందమూల కౌద్దాలికులైననేమి’. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. కౌద్దాలికులు! కుద్దాలం, అంటే నేల తవ్వే గుద్దలి, పట్టినవాళ్ళు. గుద్దలివాళ్ళు. డిగ్గర్స్ అంటే సరిగ్గా ఇదే కదా?

ఒప్పుకుంటారా?

వ్యాఖ్య

చాలా బాగుంది మాస్టారూ. తెలుగు పంతులుగా రెండు చిన్న మాటలు. ఆ పద్యం భాగవతంలోది కాదు, పోతన పేర ప్రచారంలో ఉన్న చాటువు. కాబట్టి ‘పోతన పద్యంగా చెప్పుకునేది’ అని రాయండి. రెండోది వ్యాకరణం. హలం నుంచి హాలికుడు, లోకం నుంచి లౌకికుడు, భూతం నుంచి భౌతికం ఎలా వచ్చాయో కుద్దాలం నుంచి కౌద్దాలికుడు అలా వచ్చాడు. ఉ-కారం ఔ-కారమైంది. మాట నిక్షేపంలాంటిది, అనుమానం అక్కర్లేదు.

ఇంకొకటి, పిల్లలకి చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఆగే చోటు. పద్యం ఉత్పలమాల. మూడో పాదం ‘కౌ’ దగ్గర అయిపోతుంది. నాలుగో పాదం ‘ద్దాలికులైననేమి’ అని మొదలవుతుంది. రాగం తీసి పాడితే ‘కౌ’ అని గుద్దలి పైకెత్తి, ‘ద్దా’ అని నేలలో దింపినట్టుంటుంది. ఆ బరువైన ద్దకారం ఊరికే రాలేదని నా నమ్మకం.

వ్యాఖ్య

బెంగళూరులో ఉంటానండి. ఇక్కడ శంకుస్థాపనకి ‘గుద్దలి పూజె’ అంటారు. రోడ్డు వేయాలన్నా, బడి కట్టాలన్నా ముందు గుద్దలికి పూజ. మనవైపు ఆ మాట పాతబడిపోయింది. మా ఇంట్లో పార, పలుగు, గునపం అంటారు తప్ప గుద్దలి అనరు. మీ వ్యాసంతో అయినా తిరిగి వస్తే సంతోషం.

వ్యాఖ్య

కౌద్దాలికులు అంటే ఎవరికి అర్థమవుతుందండీ? ‘ప్రకృతి జీవనులు’ అనొచ్చుగా. ప్రకృతి వైద్యం, ప్రకృతి వ్యవసాయం జనానికి అలవాటైన మాటలేగా.

జవాబు

మీరన్నది ఆలోచించానండీ. ప్రకృతి చాలా మంచి మాట. మన వ్యాకరణంలో ప్రకృతి అంటే చెడని మూలరూపం, వికృతి అంటే వాడగా వాడగా మారినది. భక్తి ప్రకృతి, బత్తి వికృతి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. ‘తిరిగి మూలానికి’ అనే ఆశ ఆ మాటలోనే ఉంది. కానీ అందులో చెయ్యి లేదు. ప్రకృతిని కిటికీలోంచి చూసినా ప్రకృతే. డిగ్గర్స్ అన్న పేరులో వంగిన నడుముంది, చేతిలో పనిముట్టుంది. మన ‘దంపుడు బియ్యం’ చూడండి, అందులో రోకలి పోటు వినిపిస్తుంది. ‘సహజ బియ్యం’ అంటే వినిపించదు. నాకు ఆ పోటు కావాలి.

వ్యాఖ్య

ఇన్నాళ్ళూ ఈ గుంపులో చదవడమే కానీ రాయలేదు. ఈ మాట మీద రాయాలనిపించింది. మాది వడ్డెర కుటుంబం, పాలమూరు వైపు. మా తాత, నాయన చెరువు కట్టలకి, కాలువలకి మట్టి తవ్వినోళ్ళు. గుంట తవ్వేటప్పుడు మధ్యల ఒక మట్టిదిబ్బ తవ్వకుండ వదిలిపెడతరు. ఎంత లోతు తీసినమో దాన్ని చూసి కొలుస్తరు. ఆ దిబ్బ ఎత్తుని బట్టే మా కూలి. పొద్దుగూకేటప్పుడు మేస్త్రి టేపు పట్టుకుని వస్తుంటే మా అమ్మ ఆ దిబ్బ దిక్కే చూస్తుండె. వాన పడి దిబ్బ కరిగితే కూలి కూడ కరిగినట్టే.

ఇప్పుడు మీరు చెప్పేటోళ్ళు చదువుకున్నోళ్ళు, కావాలని గుద్దలి పట్టినోళ్ళు. మావోళ్ళు వేరే దారి లేక పట్టినోళ్ళు. నేను చదువుకుని ఆఫీసుల కూసుంటే మా నాయన ‘నా పార నీతో ఆగిపోయింది బిడ్డా’ అని ఏడ్చిండు, సంతోషంతోనే. తప్పు పట్టడం లేదు సార్. ఆ కాఫీ డబ్బా రొట్టె కథ నాక్కూడ నచ్చింది. కానీ రెండింటికీ ఒకటే మాట పెడితే మధ్యల తేడా కనపడకుండ పోతది. అది మాత్రం చూడండి.

జవాబు

మీ వ్యాఖ్య మూడుసార్లు చదివాను. మీరు రాసినందుకు చాలా కృతజ్ఞుణ్ణి.

మీరన్నాక పద్యం మళ్ళీ చూసుకున్నాను. నేను కౌద్దాలికుల దగ్గర మురిసిపోయి, పక్కనే ఉన్న ‘ఐననేమి’ని పట్టించుకోలేదు. కవి గుద్దలి పట్టడం గొప్ప అనడం లేదు. కావ్యాన్ని నీచుల చేతిలో పెట్టి ఆ పడుపుకూడు తినడం కంటే, నాగలి దున్నితే ఏం, అడవిలో దుంపలు తవ్వుకుంటే ఏం అంటున్నాడు. అంటే అది కష్టమని ఆయనకి తెలుసు, లోకం దాన్ని చిన్నచూపు చూస్తుందనీ తెలుసు. తెలిసే, అయినా సరే అంటున్నాడు. కాలిఫోర్నియా పిల్లల్లో చాలామందికి ఈ ‘ఐననేమి’ లేదు. వాళ్ళకి తవ్వడమే పండగ. తిరిగి వెళ్ళడానికి చాలామందికి అమ్మానాన్నల ఇల్లు ఉంది. మీ నాయనగారికి లేనిది అదే. వ్యాసంలో ఈ తేడాకి ఒక పేరా కేటాయిస్తున్నాను. మట్టిదిబ్బ సంగతి మీరు ఒప్పుకుంటేనే, ఊరూ పేరూ లేకుండా, మీ మాటల్లోనే పెడతాను.

ఒకటి మాత్రం వాళ్ళ తరఫున చెప్పాలి. పద్యంలో తవ్వడం ‘నిజదారసుతోదరపోషణార్థమై’, అంటే సొంత ఆలుబిడ్డల పొట్ట కోసం. డిగ్గర్స్ పెట్టింది ముక్కూ మొహం తెలియనివాళ్ళకి. ఊళ్ళోనే ఉండిపోలేదు కూడా. 1967లో సొనోమా జిల్లాలోని మార్నింగ్ స్టార్ అనే తోటలో కూరగాయలు పండించి ఈ వంటకి పంపారు. దాన్ని ‘డిగ్గర్ల తోట’ అనేవాళ్ళు. 1968లో ఇంకొందరు ఉత్తరాన కొండల్లోకి వెళ్ళి, పాడుబడిన బంగారు గని ఊరు బ్లాక్ బేర్‌లో కాపురం పెట్టారు. ఒకప్పుడు బంగారం కోసం తవ్విన చోటు అది.

మార్నింగ్ స్టార్ దగ్గర ఇంకో మాట మనవైపు నుంచి తేలిగ్గా వచ్చేసింది. గుడారాలు, గుడిసెలు, మరుగుదొడ్ల మీద అధికారులతో కేసులు నడిచి నడిచి, ఆ తోట యజమాని లూ గాట్లీబ్ 1969లో తన ముప్పై చిల్లర ఎకరాల్ని దేవుడి పేర రాసిచ్చేశాడు. భూమి దేవుడిదైతే ఎవర్నీ పొమ్మనే హక్కు ఎవరికీ ఉండదని ఆయన తర్కం. దేవుడికి ఆస్తి ఉండదని కోర్టు కొట్టేసింది. ఇంగ్లీషులో చదివితే ఇదంతా వింతగా ఉంటుంది. తెలుగులో ‘దేవుడి మాన్యం’ అని రెండు మాటలు రాస్తే చాలు, ఎవరికీ వింత అనిపించదు. మన చట్టంలో దేవుడు భూమికి హక్కుదారే, కోర్టుకీ వెళ్తాడు. ఆ తోట గోదావరి ఒడ్డున ఉండుంటే ఆ కేసు ఎలా తేలేదో!

వ్యాఖ్య

ప్రశ్న వేసినవారికి. మరి చివరికి ఏం ఖాయం చేశారు? నా ఓటు ‘గుద్దలివాళ్ళు’కే. కౌద్దాలికులు చదవడానికే రెండు గుక్కలు పడుతుంది.

జవాబు

రెండూ ఉంచుతున్నానండీ. 1649 నాటివాళ్ళకి ‘గుద్దలివాళ్ళు’. వాళ్ళు నిజంగా ఆకలితో నేల తవ్వినవాళ్ళు, వాళ్ళకి ఇంటి మాటే తగినది. శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు ఆ పేరుని పుస్తకాల్లోంచి తీసుకుని తలకెత్తుకున్నవాళ్ళు. వాళ్ళకి పద్యంలోంచి తీసుకున్న ‘కౌద్దాలికులు’. పాలమూరు మిత్రుడు అడిగిన తేడా ఇలా పేర్లలోనే కాస్త కనబడుతుందని ఆశ.

ఇంకొక్క వాక్యం మిగిలింది, దాని మీద కూడా మీ అభిప్రాయం చెప్పండి. వాళ్ళు పంచిన తిండి కరపత్రంలో, గిన్నె, చెంచా మీరే తెచ్చుకోండి అన్నాక, చివర ఒక మాట వేశారు. ఇది ఫ్రీ, ఎందుకంటే ఇది మీదే అని. మొదట ‘ఉచితం’ అని రాయడానికి వెనకాడాను, రేషను కార్డు మాటలా ఉందని. తర్వాత నిఘంటువు తీశాను. ఉచితం అంటే సంస్కృతంలో తగినది. ఉచితానుచితాలు, సముచితం, ఔచిత్యం అన్నీ ఆ ఇంటివే. తగినది అన్న మాట తెలుగులో ఎలాగో డబ్బు తీసుకోనిది అయింది. రెండర్థాలూ ఈ వాక్యంలో కలిసి కూర్చున్నాయి. అందుకని ‘ఎందుకంటే’ కూడా తీసేసి ఇలా పెట్టాను:

‘గిన్నె, చెంచా తెచ్చుకోండి. సాయంత్రం 4 గంటలకి. రోజూ. మీది కాబట్టి ఉచితం.’