కంటికి చక్కగా కనిపించే చంద్రుడు ఫోన్‌లో తెల్లటి ముద్దలా వస్తున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న (మురళీనగర్):
నమస్కారమండి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కోసం 114 ఎంఎం వెడల్పు అద్దం ఉన్న రిఫ్లెక్టర్ టెలిస్కోప్ కొన్నాం. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి దూరం) 900 ఎంఎం. డాబా మీద పెట్టి చూస్తే చంద్రుడి మీద గుంటలు చెక్కినట్టు కనిపిస్తున్నాయి. ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్ గొట్టం) దగ్గర ఫోన్ పెడితే మాత్రం ఏదో ఒక మూల చిన్న వెలుగు, మిగతా అంతా నలుపు. ఎలాగోలా మధ్యకు తెస్తే సున్నం ముద్దలా తెల్లగా వస్తోంది. పెద్దగా కనిపిస్తుందని 10 ఎంఎం ఐపీస్ వాడుతున్నాం. నిన్న గంటన్నర తంటాలు పడి, పిల్ల ఏడుపు మొహంతో కిందికి దిగిపోయింది. ఫోన్ మార్చాలా?

జవాబు (భీమిలి):
ఫోన్ మార్చకండమ్మా, ముందు ఐపీస్ మార్చండి. 10 తీసేసి 25 ఎంఎం పెట్టండి. ఐపీస్‌లోంచి వెలుగు ఒక సన్నని కట్టలా బయటికి వస్తుంది. ఫోకల్ లెంగ్త్ 900ని ఐపీస్ అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 10 ఎంఎం పెడితే మీ టెలిస్కోప్ 90 రెట్లు పెంచి చూపిస్తుంది, ఆ కట్ట వెడల్పు అద్దం వెడల్పు 114ని 90తో భాగిస్తే వచ్చే 1.3 మిల్లీమీటర్లే. 25 పెడితే 36 రెట్లు, వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటుతుంది. ఫోన్ లెన్స్ సరిగ్గా ఆ కట్ట మీద కూర్చోవాలి. 1.3 మీద చేత్తో నిలబెట్టడం ఎవరికైనా కష్టమే, అందులో పిల్ల తప్పేం లేదు.

ఒక పని చేయండి. టెలిస్కోప్‌ని చంద్రుడి వైపు తిప్పి, ఐపీస్ వెనక తెల్ల కాగితం పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. వెలుగు చుక్క ఒకచోట బాగా చిన్నదై, అంచు గీసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ లెన్స్ ఉండాల్సింది అక్కడే. ముందుకు జరిగినా, వెనక్కి జరిగినా అంచులు నల్లబడతాయి. ఈ చుక్కను మీ అమ్మాయి చేతే పట్టించండి. ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక మరిచిపోదు.

తెల్లటి ముద్ద సంగతి వేరే. చుట్టూ చీకటి ఉండటంతో ఫోన్ కావాల్సినదానికన్నా ఎక్కువ వెలుగు తీసుకుంటోంది. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 100, షట్టర్ (వెలుగు తీసుకునే సమయం) 1/500 సెకను దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. లేకపోతే తెర మీద చంద్రుణ్ని నొక్కి పట్టుకుని, ఫోకస్ లాక్ అయ్యాక వెలుగు తగ్గించండి. 1840లో అమెరికా శాస్త్రవేత్త జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ని ఫొటో ప్లేటు మీదికి ఎక్కించడానికి 20 నిమిషాలు పట్టింది. మీకు సెకనులో అయిదు వందల్లో ఒక వంతు చాలు. అదే 1840లో మన వైజాగ్‌లో గోడే వెంకట జగ్గారావు గారు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబర్ 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

పౌర్ణమి కోసం ఆగకండి. ఆ రోజు నీడలుండవు, చంద్రుడు చదునుగా వస్తాడు. శుద్ధ సప్తమి, అష్టమి, నవమి చాలా మంచి రోజులు.

జవాబు (గాజువాక):
అక్కా, మాస్టారు చెప్పినవాటికి రెండు కలుపుతాను. ఫోన్‌లో 1ఎక్స్ (జూమ్ లేని మామూలు) కెమెరా మాత్రమే వాడండి. రెండు మూడు లెన్సులున్న ఫోన్లు తమంతట తామే లెన్స్ మార్చేస్తాయి, బొమ్మ మాయమవుతుంది. ఫొటో తీసేటప్పుడు తెరను ముట్టుకోవద్దు, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. వైరు ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్‌తో క్లిక్ అవుతుంది. ఐపీస్‌కి బిగించే ఫోన్ హోల్డర్ కొంటే సగం టెన్షన్ పోతుంది.

ఇంకోటి, ఏసీ గదిలోంచి తీసి నేరుగా డాబా మీద పెట్టారా? మన సముద్రపు గాలి తేమకి అద్దం క్షణాల్లో మసకబారుతుంది. మూతలు తీయకుండా అరగంట బయట ఉంచండి. అద్దాన్ని గుడ్డతో మాత్రం తుడవకండి, గీతలు పడితే ఇక పోవు.

మురళీనగర్:
మాస్టారూ, తమ్ముడూ, వచ్చిందండీ! అష్టమి రాత్రి 25 ఎంఎంతో తీశాం. వెలుగుకీ చీకటికీ మధ్య గీత పక్కన మూడు గుంటలు వరుసగా పడ్డాయి. టాలెమీ, అల్ఫోన్సస్, అర్జాకెల్ అని అమ్మాయే మ్యాప్ చూసి పేర్లు రాసింది. మీరు చెప్పిన ఏసీ గది తప్పు మేమూ చేశామండి. గురుగ్రహం కూడా తీయొచ్చా? పొద్దున్న సూర్యుణ్ని తీస్తానంటోంది.

భీమిలి:
చాలా సంతోషం తల్లీ. గురుడికి మళ్లీ 10 ఎంఎం పెట్టండి, హోల్డర్ ఉంటేనే. ఫొటో కాకుండా ఒక నిమిషం వీడియో తీయండి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులోంచి మంచి ఫ్రేములు ఏరి కలుపుతుంది. గురుడి మీది చారల కోసం వెలుగు తగ్గిస్తే చుట్టూ ఉన్న నాలుగు పెద్ద చందమామలు కనిపించవు, వాటికి ఇంకో వీడియో తీసుకోండి.

సూర్యుడి వైపు మాత్రం వద్దు. టెలిస్కోప్ ముందు మూతి మొత్తం కప్పే సోలార్ ఫిల్టర్ లేకుండా అటు తిప్పనే కూడదు. గ్రహణం కళ్లద్దాలు ఐపీస్ దగ్గర పెట్టినా కన్ను పోతుంది, ఫోన్ కూడా పాడవుతుంది. పగటిపూట టెలిస్కోప్‌కి మూత వేసి, ఇంట్లోనే పెట్టండి.