వానాకాలం ఖాళీని లెక్కలో ఎలా చూపించాలి? (సూపర్నోవాల రేటు)

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. రెండేళ్లుగా డాబా మీద ఆరంగుళాల టెలిస్కోపు పెట్టి పన్నెండు గెలాక్సీలకు ఫొటోలు తీస్తూ సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) కోసం వెతుకుతున్నాను. 2023 మేలో ఎం101 గెలాక్సీలో పేలిన నక్షత్రాన్ని కళ్లారా చూశాక పట్టుకున్న పిచ్చి ఇది.

ఎన్‌జీసీ 6946 అనే గెలాక్సీలో 1917 నుంచి 2017 దాకా పది సూపర్నోవాలు కనిపించాయి. అంటే వందేళ్లకు పది అనేయొచ్చా? నాకైతే నమ్మకం లేదు. మొదలూ చివరా రెండూ పేలుళ్ల దగ్గరే కోశాం, పైగా ఆ రోజుల్లో రోజూ ఎవరు చూశారు గనక!

నా చిక్కు వేరు. ఎక్సెల్లో తేదీ, గెలాక్సీ, ఫొటోలో అందిన అతి మసక నక్షత్రం ప్రకాశం రాసుకుంటాను. జూన్ నుంచి అక్టోబరు దాకా గడులన్నీ ‘మబ్బు’. (మిగతా నెలల్లో పోర్టు దీపాల వెలుగు ఉండనే ఉంది.) రెండో రకం సూపర్నోవా (భారీ నక్షత్రం కుప్పకూలి పేలేది) చాలాసార్లు సుమారు వంద రోజులు ఒకే వెలుగులో నిలుస్తుంది కదా, మరి ఒక్కో ఫొటోకి దాని ముందు వంద రోజులూ చూసినట్టే లెక్కేయాలా? రెండు ఫొటోల మధ్య పది రోజులే ఉంటే ఆ పదే కలపాలా? అలా నిలవని ఒకటో రకానికి వేరే లెక్క వేయాలా?

ఇంకోటి, నా పట్టికలో ఇప్పటిదాకా దొరికినవి సున్నా. సున్నాతో రేటుకి గరిష్ఠ పరిమితి ఎలా చెప్పాలి? పాయిసాన్ లెక్క (అరుదైన ఘటనల సంఖ్యకు వాడే సంభావ్యత లెక్క) తెలిసినవాళ్లు ఒక ఉదాహరణ వేసి చూపిస్తే చాలు.